నర్సింగరావు గారి గేరుబాక్సు

నూనెల కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరినవాడి చేతిలో మొదటిరోజే ఒక పట్టిక పెడతారు. ఎడమవైపు యంత్రాల పేర్లు, కుడివైపు వాటిలో పొయ్యాల్సిన నూనెల పేర్లు. లారీకి ఇది, ట్రాక్టరుకి అది, పిండిమరకి మరొకటి. దాన్ని చదివి వినిపించడమే ఉద్యోగమనుకున్నవాళ్ళు చాలామంది రెండు మూడేళ్ళలో విసిగిపోయి బ్యాంకు పరీక్షలు రాసుకున్నారు. నేను రిటైరయ్యేదాకా అదే పని చేశాను. నాకెందుకు విసుగు పుట్టలేదో చెబితే కొత్తగా చేరేవాళ్ళకి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి వదిలేస్తాను. అవి అందరికీ ఒకేలా వస్తాయి, ఒకేలా ఆలస్యమవుతాయి.

డెబ్బైల మొదట్లో నాకిచ్చిన లైను బొంబాయి రోడ్డు. సనత్‌నగర్‌లో మొదలుపెట్టి బాలానగర్, కూకట్‌పల్లి, మియాపూర్ మీదుగా పటాన్‌చెరు దాకా నాది. ఫ్యాక్టరీలు, లారీ షెడ్లు, రాళ్ళు కొట్టే క్వారీలు, బావుల దగ్గర ఆయిలింజన్లు. స్కూటరు మీద తిరిగేవాణ్ణి. ఇప్పుడు మియాపూర్‌లో మెట్రో దిగి అపార్టుమెంట్ల మధ్య నడిచేవాళ్ళు నమ్మరు గానీ, అప్పుడక్కడ రోడ్డుకి రెండు పక్కలా బండరాళ్ళూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ ఉండేవి కావు. నేను కూకట్‌పల్లి ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మాది గుడివాడ దగ్గర పల్లె. నా 'అండీ'లు విని ఇక్కడివాళ్ళు నవ్వేవాళ్ళు. ఇక్కడి 'జర' నా నోట పలకడానికి ఏడాది పట్టింది.

ముక్కుతో, వేళ్ళతో

మా డిపోకి అప్పటి మేనేజరు శేషాద్రి గారు. కాకినాడ మనిషి. మెచ్చుకోవడం ఆయనకి చేతనయ్యేది కాదు. ఖాతాదారు ఎదుటే కేకలేసేవారు. ఆ అలవాటు మంచిదని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కానీ పని నేర్పింది ఆయనే.

గోపన్‌పల్లి వైపు ఒక క్వారీలో కంప్రెసరు పాడైంది. మా నూనె వల్లే పోయిందని యజమాని గొడవ. నూనె తీసి చూస్తే మజ్జిగలా తెల్లగా ఉంది. నేను పట్టిక తీసి మనమిచ్చింది సరైన నూనేనని రుజువు చెయ్యబోయాను. శేషాద్రి గారు నన్ను పక్కకి నెట్టి, "ఈ మిషన్ని కడిగేదెవరండీ?" అని అడిగారు. రోజూ సాయంత్రం బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి కడుగుతున్నారు. గాలి పోయే చిన్న గొట్టంలోంచి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. గొట్టానికి ఒక రేకు టోపీ పెట్టించి వచ్చేశాం.

తిరిగొస్తుంటే ఆయన అన్నారు: "పాత నూనెని పారబోసే ముందు ముట్టుకో, వాసన చూడు, ఎండలో పెట్టి చూడు. లోపలేం జరిగిందో అదే చెబుతుంది. నీ దగ్గరున్న కాగితానికి లోపలి సంగతి తెలీదయ్యా ప్రసాదరావూ."

ఇంకొకసారి ఆయన డిపోలో ఒక రాగి ముక్కని తళతళ మెరిసేలా తోమి, కాచిన ఇ.పి. నూనెలో వేశారు. ఇ.పి. అంటే గట్టి ఒత్తిడికి తట్టుకునేలా గంధకం కలిపిన గేరు నూనె. లారీల వెనక ఇరుసులో ఉండే పళ్ళకి అది అమృతం. మేము భోజనాలు చేసొచ్చేసరికి రాగి ముక్క కుంపట్లోంచి తీసినట్టు నల్లబడింది. "ఇనుముకి మందు, రాగికీ ఇత్తడికీ జబ్బు. ఇది గుర్తుపెట్టుకుంటే నీ జీతం సార్థకం" అన్నారు.

ఆయనకి మద్రాసు బదిలీ అయ్యాక వచ్చిన మేనేజరు పేరు రాయను. చెడ్డవాడు కాదు. గోదాములో నూనెల రకాలు తగ్గితే అందరికీ సుఖమని నమ్మినవాడు. గేరుబాక్సంటే తొంభై నంబరు చిక్కదనమున్న ఇ.పి. నైంటీ, ఇంకో మాట లేదు. మీకు దొరికే పై అధికారులు ఎక్కువగా ఇలాగే ఉంటారు. వాళ్ళతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. తల ఊపి, బయటికెళ్ళి, యంత్రానికేది కావాలో అది పొయ్యండి.

పొట్టి కారు

కూకట్‌పల్లి ఊరు దాటాక రోడ్డు పక్కన యాదయ్య షెడ్డు ఉండేది. యాదయ్యది ఆ ఊరే. లారీల గేరుబాక్సులు విప్పడంలో పేరున్నవాడు. గొంతు పెద్దది, ఓటమి ఒప్పుకునే రకం కాదు. ఒకరోజు నా స్కూటరు చప్పుడు వినగానే రోడ్డు మీదకి వచ్చి ఆపాడు.

"సార్, ఓ పొట్టి కారున్నది. ఇద్దరే కూసుంటరు. గేరు బిర్రుగున్నదని ఆ అమ్మ నా పానం తీస్తున్నది. జర మీరొచ్చి సూడుండ్రి."

"దాన్ని చూస్తున్నది నువ్వేనా యాదయ్యా?"

"నేనే. గేరుబాక్సు కూత వెడుతుండె. చిక్కటి నూనె, వన్ ఫార్టీ పోసిన. సప్పుడు బందైంది. ఇగ ఏం గావాలె?"

ఆ కారున్న ఇల్లు మియాపూర్ దారిలో ఉంది. చిన్న పెంకుటిల్లు, ముందు జామచెట్లు, పక్కన రేకుల కింద కారు. ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్సు కారు. పైకప్పు లేదు, నేలకి జానెడెత్తున ముదురాకుపచ్చగా పడుకుని ఉంది. ఇలాంటి కారు ఇలాంటి ఇంట్లో ఎలా ఉందా అనుకున్నాను.

ఉన్న కారణం ఇది. ఆ ఇంటాయన నర్సింగరావు గారు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో, పనిముట్లు తయారుచేసే టూల్‌రూంలో పనిచేసేవారు. ఒక అధికారి దేశం వదిలి వెళ్ళిపోతూ బంగళా వెనక పారేసిన కారుని ఈయన తెచ్చుకున్నారు. అప్పుడు దానికి చక్రాలు కూడా లేవు. సెలవురోజుల్లో, పండగల్లో, ఒక్కొక్క ముక్కా తన చేత్తో తయారుచేసుకుని దాన్ని మళ్ళీ కారుని చేశారు. అందుకు చాలా ఏళ్ళు పట్టింది. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరు మనుషులు, కారులో రెండు సీట్లు. ఆదివారమైతే భార్య విమలమ్మ గారిని ఎక్కించుకుని పటాన్‌చెరు దాకా వెళ్ళి రావడం వాళ్ళ సరదా.

నేను వెళ్ళడానికి ఏడాది ముందు ఆయన మునగకొమ్మ కొట్టబోయి నిచ్చెన మీంచి పడ్డారు. ఎడమ భుజం దగ్గర నరం తెగింది. చెయ్యి భుజం నుంచి కాస్త కదులుతుంది గానీ వేళ్ళకి పట్టు లేదు. ఫ్యాక్టరీవాళ్ళు టూల్‌రూంలోంచి తీసి స్టోర్సులో బల్ల ముందు కూర్చోబెట్టారు.

నేను వెళ్ళేసరికి ఆయన వసారాలో కుర్చీలో ఉన్నారు. నా నమస్కారానికి తలూపారు, అంతే. మాట్లాడిందంతా విమలమ్మ గారే.

"తమ్మీ, మీ కంపెనీల గేరు అల్కగ తిరిగే నూనె ఏమన్న ఉన్నదా?"

"కారుకాండి?"

"కారుకే. ఆయనకు ఎడమచెయ్యి వస్తలేదు. అరచేతితోని నూకుతడు. నూకితె పడాలె. ఇప్పుడు పొద్దుగాల అయితె నేను రెండు చేతులతోని గుంజినా పడ్తలేదు."

కుర్చీలోంచి ఆయన గొంతు వినిపించింది. "ఎందుకే ఆయన్ని పరేషాన్ జేస్తవ్? సికింద్రాబాద్ ఆయన వచ్చె నెల వస్తనన్నడు గద, ఇచ్చేద్దాం."

కొనేవాడొకడు అప్పటికే చూసి వెళ్ళాడన్నమాట. విమలమ్మ గారు ఆయన వైపు తిరగలేదు. నా మొహంలోకే చూస్తూ, "ఉన్నదా, లేదా?" అని మళ్ళీ అడిగారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి గేరుబాక్సులో ఏముందని అడిగాను. తను స్వయంగా విప్పి బిగించిన మనిషి కదా. ఆ ప్రశ్నకి ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు. మొదటి గేరుకి తప్ప మిగతావాటికి ఇత్తడి రింగులున్నాయని చెప్పారు. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరిగే రెండు పళ్ళచక్రాలని ఒక వేగానికి తెచ్చేవి ఆ రింగులే. ఒరుసుకుని, పట్టుకుని, జత కలుపుతాయి. నూనె మరీ చిక్కనైతే ఆ పొరని చీల్చుకుని పట్టుకోలేవు. గంధకపు నూనైతే ఇత్తడే తినేస్తుంది. అలాంటి కార్లలో కొన్నిటికి గేరుబాక్సులో కూడా ఇంజను నూనే పొయ్యాలని ఆ దేశంలో వాటిని చేసినవాళ్ళు చెప్పేవారు. మా పట్టికలో ఆ కారు పేరే లేదు.

పై ప్లగ్గు ముందు

తర్వాతి ఆదివారం యాదయ్య కారుని రోడ్డు మీద కాసేపు నడిపి షెడ్డుకి తెచ్చాడు. ఆ దంపతులిద్దరూ కూడా వచ్చారు. నూనె వేడిగా ఉన్నప్పుడే తియ్యాలి. అడుగున చేరిన మడ్డి కూడా దానితోపాటు వచ్చేస్తుంది. దుంగల మీద కారుని సమంగా నిలబెట్టాడు. కింద డబ్బా పెట్టి, అడుగు ప్లగ్గుకి పానా తగిలించాడు.

"పైది ముందు ఇప్పు, యాదయ్యా."

స్టూలు మీద కూర్చున్న నర్సింగరావు గారు అన్న మాట అది. కొత్తవాళ్ళు ఇది రాసిపెట్టుకోవాలి. నూనె పోసే పై ప్లగ్గు ఊడి వస్తుందని తేలాకే అడుగు ప్లగ్గు విప్పాలి. ముందే ఖాళీ చేసి, పై ప్లగ్గు బిగుసుకుపోయి రాకపోతే, కారు అక్కడే ఉండిపోతుంది. ఆరోజు పై ప్లగ్గు నిజంగానే రాలేదు. కాస్త కిరసనాయిలు వేసి, వెచ్చజేసి, సుత్తితో మెల్లగా తడుతూ చాలాసేపు బతిమాలితే గాని కదల్లేదు.

నూనె ముదురు బెల్లప్పాకంలా సాగుతూ దిగింది. కుళ్ళిన గుడ్డు వాసన. నేను కాస్త అరచేతిలోకి తీసుకుని ఎండలోకి వెళ్ళాను. నల్లటి నూనెలో బంగారు రజను మెరుస్తోంది. అయస్కాంతం దగ్గర పెడితే కదల్లేదు. ఇనుము కాదు.

నర్సింగరావు గారు లేచి వచ్చి, కుడిచేతి వేళ్ళతో ఆ నూనెని నలిపి చూసుకున్నారు.

"ఇది నా రింగులదే" అన్నారు.

యాదయ్య మొహం చూడలేకపోయాను. అంత పెద్ద గొంతు మనిషి చేతిలో పానా తిప్పుకుంటూ నిలబడిపోయాడు. "ఆ వన్ ఫార్టీ ఇ.పి.దే సార్. లారీలకు పోసేది" అన్నాడు మెల్లగా, నాతో.

నర్సింగరావు గారు విన్నారు. "నీ తప్పేంది యాదయ్యా? సప్పుడైతుంది, సప్పుడైతుందని నీ పానం దీసింది నేనే గద. పొయ్యి, నీళ్ళు తాగిరా" అన్నారు.

పలచటి నూనెతో లోపల కడిగి, అడుగు ప్లగ్గు బిగించి, ముప్ఫై నంబరు ఇంజను నూనె పై రంధ్రంలోంచి పొర్లేదాకా పోశాం. పొర్లడం ఆగాక పై ప్లగ్గు బిగించాం. విమలమ్మ గారు వంగి, గేరు కడ్డీ మీద చూపుడువేలు పెట్టి నెట్టారు. అది మెత్తగా జారి గేరులో పడింది. ఆవిడ పకపకా నవ్వారు. ఆ నవ్వు చూసి నేను నా పనైపోయిందనుకున్నాను.

సీతాఫలం పొదలు

ఆ మధ్యాహ్నమే వాళ్ళిద్దరూ బయల్దేరారు. ఆయన స్టీరింగు దగ్గర, ఆవిడ ఎడమ సీట్లో. నేనూ యాదయ్యా నా స్కూటరు మీద వెనకాల.

కడ్డీని ముందుకి నెట్టి వేసే గేర్లు అరచేతితో పడుతున్నాయి. వెనక్కి లాగేవాటికి ఆయన మణికట్టుని కడ్డీకి కొక్కెంలా తగిలించి భుజంతో లాగుతున్నారు. గేరుబాక్సు మళ్ళీ కూత పెడుతోంది గానీ గేర్లు పడుతున్నాయి. మియాపూర్ దాకా బాగానే వెళ్ళారు.

తిరిగొచ్చేటప్పుడు పల్లంలో గడ్డిబండి ఒకటి అడ్డంగా తిరుగుతోంది. ఆయన వేగం తగ్గించి రెండో గేరులోకి లాగబోయారు. మణికట్టు జారిపోయింది. మళ్ళీ తగిలించారు, మళ్ళీ జారింది. అలవాటున్న మనిషి కదా, కుడిచెయ్యి స్టీరింగు వదిలేసి గేరు మీదకి వెళ్ళింది. కారు రోడ్డు దిగి సీతాఫలం పొదల్లోకి దూసుకుపోయి ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేము పరుగెత్తుకెళ్ళేసరికి విమలమ్మ గారు ఒళ్ళో పడ్డ ఆకులు దులుపుకుంటున్నారు. ఆయన ఎడమచేతిని కుడిచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, అది ఎవరిదో వస్తువైనట్టు.

"ఇగ చాలు. అమ్మేద్దాం" అన్నారు.

నూనె చెయ్యగలిగింది నూనె చేసింది. అంతకు మించి నా సంచిలో ఏమీ లేదు. నేను వెళ్ళకపోతే ఆయన వసారాలో కుర్చీలో ఉండేవారు, ఆశ పడేవారు కాదు.

ఎవరి చెయ్యి ఎక్కడికొస్తుంది

కొన్నాళ్ళకి యాదయ్య షెడ్డులో టీ తాగుతున్నాం. విమలమ్మ గారు ఎండలో నడిచి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, యాదయ్యా, ఒకటడుగుత, నవ్వొద్దు. మొన్న కారు పొదలల్లకు వోయినప్పుడు నేను ఎడమదిక్కు కూసున్న. గేరుకట్టె నా కుడిచేతి పక్కనె ఉండె."

"అవునమ్మా" అన్నాడు యాదయ్య.

"మరి ఆయన గక్కడ కూసుంటె?"

యాదయ్య నవ్వబోయి ఆగిపోయాడు. నేను గ్లాసు కింద పెట్టాను. ఎడమ సీట్లో కూర్చుంటే ఆయన మంచిచెయ్యి, ఆ కుడిచెయ్యి, నేరుగా గేరు మీదకొస్తుంది.

"స్టీరింగు ఎవరు పడతారండీ?" అని అడిగాను.

"నేను పడ్త. తొక్కుడు కూడ నేనె తొక్కుత. నేర్పియ్యుండ్రి."

ఆయన ఒప్పుకోలేదు. నవ్వులపాలవుతామన్నారు. ఆడమనిషి నడిపే కారులో పక్కన కూర్చుని గేర్లు వేసుకోవాలా అన్నారు. ఆవిడ వాదించలేదు. సికింద్రాబాద్ ఆయన వచ్చినప్పుడు మాత్రం, కారు అమ్మడం లేదని ఆవిడే వాకిట్లో చెప్పి పంపేశారు. ఆ తర్వాత ఒక ఉదయం వెళ్ళి తనే స్టీరింగు దగ్గర కూర్చున్నారు. ఆయన వసారాలోంచి చూశారు. ఎంతసేపు చూశారో నాకు తెలియదు. చివరికి లేచి వచ్చి ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నారు.

గోపన్‌పల్లి వైపు బండల మధ్య చదునైన మైదానం ఒకటుండేది. నేర్చుకోవడానికి అక్కడికి వెళ్ళేవాళ్ళు. అక్కడిదాకా కారుని యాదయ్య నడిపితే, వాళ్ళలో ఒకరు అతని పక్క సీట్లో, ఇంకొకరు నా స్కూటరు మీద వచ్చేవారు. మొదటిరోజు ఆ గేరుబాక్సు పడ్డ బాధ నేను చెప్పలేను.

"తొక్కు" అనేవారాయన.

"తొక్కిన."

"మొత్తం తొక్కు!"

"మొత్తమే తొక్కిన!"

కరకరమని పళ్ళు ఒరుసుకునేవి. "గేరుబాక్సు సంపుతవా ఏంది!" అని ఆయన అరిచారు. విమలమ్మ గారు ఇంజను ఆపేసి, కారు దిగి, కొంగు నడుముకి చుట్టుకుని నిలబడ్డారు.

"మీరు ఒర్రితె నేను తొక్కను. మంచిగ చెప్తె తొక్కుత."

ఆయన నవ్వారు. ముందు మెల్లగా, తర్వాత కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. నేను ఆయన నవ్వు వినడం అదే మొదలు. యాదయ్య బండ వెనక్కి వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. చాలాసేపటిదాకా ఇటు రాలేదు.

చప్పుడు ఉండనియ్

నెలల తరబడి సాధన చేశారు. ఆయన "తొక్కు" అనడం తగ్గి "ఊ" అనడం మొదలైంది. కొన్నాళ్ళకి ఆ "ఊ" కూడా పోయింది. ఆవిడ పాదం కదిలితే ఆయన చెయ్యి కదిలేది. ఇద్దరు కలిసి ఒక బండి నడపడాన్ని చట్టం ఏమంటుందో నేను కనుక్కోలేదు. కనుక్కోవద్దని యాదయ్య సలహా.

ఎండాకాలం వచ్చేసరికి ముప్ఫై నంబరు నూనె మరీ పలచనైంది. గేరుబాక్సు కూత ఎక్కువైంది. యాదయ్యకి మళ్ళీ చెయ్యి దురద పెట్టింది.

"సార్, గంధకం లేనిదే, జర చిక్కటిది పోద్దాం. ఆ సప్పుడు ఇంటుంటె నాకె సిగ్గయితుంది. నా షెడ్డు పేరు వోతది."

నేనూ ఆలోచనలో పడ్డాను. ఇప్పుడు గేరు వేసేది మంచిచెయ్యి కాబట్టి కడ్డీ తేలిగ్గా కదలాల్సిన అవసరం అంతగా లేదు. కాస్త చిక్కనైనా ఫరవాలేదు. ఆ మాటే నర్సింగరావు గారితో అంటే ఆయన తల అడ్డంగా ఊపారు.

"సప్పుడు ఉండనియ్, సార్. మీటర్లన్నీ ఆమె దిక్కున్నయి. నాకేం కనవడయి. గా కూత ఇనవడితెనే ఎప్పుడు మార్చాల్నో నాకు ఎర్కయితది. గది బంద్ జేస్తె నేను గుడ్డోన్నయిత."

చివరికి నలభై నంబరు ఇంజను నూనె పోశాం. ఎండకి పలచబడిపోదు, చప్పుడు పూర్తిగా చావదు, ఇత్తడికి హాని లేదు. అరిగిన రింగుల బదులు టూల్‌రూంలో ఆయన పాత తోటివాడొకడు కొత్తవి చేసిచ్చాడు. కొలతలు ఈయన చెప్పారు. యాదయ్య బిగించాడు. డిపోలో మా మేనేజరు ఇ.పి. నైంటీయే కదా పోశావు అని అడిగితే తల ఊపాను.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకి నేను చెప్పగలిగిందేమన్నా ఉంటే ఇదే. ఏ నూనె అని అడిగినవాణ్ణి ముందు, లోపల ఏ లోహముందని అడగండి. తర్వాత, దాన్ని నడిపేదెవరు, వాళ్ళ ఒంట్లో ఎలా ఉంది, వాళ్ళకి ఏం వినిపించాలి అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి మన చదువులో చోటు లేదు. విమలమ్మ గారు మొదటి మాటలోనే చెప్పారు, నూకితె పడాలె అని. నేను దాన్ని నూనె గురించిన మాటగా విన్నాను.

ఆవిడకి వచ్చు

ఒకసారి కూకట్‌పల్లిలో ఒక అంబాసిడరు నా ముందు నుంచి వెళ్ళింది. నడుపుతున్నది విమలమ్మ గారు. కారులో ఇంకెవరూ లేరు. స్టీరింగు పక్కనుండే గేరుని ఎడమచేత్తో చులాగ్గా మార్చుకుంటూ మలుపు తిరిగి, యాదయ్య షెడ్డు ముందు ఆపారు. షెడ్డుకి రిపేరుకి రావాల్సిన ఎవరిదో కారు అది. యాదయ్య తెచ్చిపెట్టమంటే తెచ్చారట.

అప్పుడు తెలిసింది. లైసెన్సు పరీక్షకోసం ఊళ్ళో డ్రైవింగు స్కూల్లో చేరి గేర్లతో సహా అంతా నేర్చుకున్నారు. పరీక్ష పాసై అప్పటికే చాలాకాలమైంది.

"మరి మీ కారులో..." అని ఆగిపోయాను.

"ఆయనకు ఎర్కనే, తమ్మీ. నేనేసుకోగలనని."

ఆవిడ తాళాలు యాదయ్యకిచ్చి, చీర మీది దుమ్ము దులుపుకున్నారు.

"గేరు నేనేసుకుంటె ఆయన ఊకె కూసుంటడు. ఊకె కూసున్న మనిషిని నేను సూసిన, ఏడాది పొడుగునా. ఇగ సూడలేను."

షెడ్డులోంచి ఎవరో పిలిస్తే యాదయ్య వెళ్ళాడు. ఆవిడ గొడుగు విప్పుకుని బస్సు స్టాపు వైపు నడిచారు.

ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు నేను బొంబాయి రోడ్డు మీద తిరిగాను. మధ్యమధ్యలో వాళ్ళు కనిపించేవారు. ఆఖరుసారి చూసింది నాకు విశాఖపట్నం బదిలీ అయ్యే ముందు, పటాన్‌చెరు వెళ్ళే దారిలో. ముందు రాళ్ళ లారీ ఒకటి ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. దాని వెనక ఆకుపచ్చ కారు, దాని వెనక నేను.

మొగుడూ పెళ్ళాలిద్దరూ పోట్లాడుకుంటున్నారు. పైకప్పు లేని కారు కదా, మాటలన్నీ నాకు వినిపిస్తున్నాయి.

"ఉప్పెక్కువైతదని నేను చెప్పలేదా?" అంటున్నారాయన.

"ఉప్పు తక్కువైతె బూజు వడ్తది. మీకేం ఎర్క పచ్చడి సంగతి?"

"జాడీ మొత్తం కరాబైంది."

"అయితె తినకుండ్రి!"

లారీ ఇంకా నెమ్మదించింది. ఆయన ఆవిడ మీద కోపంగా రోడ్డు పక్కకి మొహం తిప్పుకుని ఉన్నారు. ఆవిడ పాదం కదిలింది. అటు చూస్తూనే ఆయన కుడిచెయ్యి గేరుని రెండులోకి లాగింది. చిన్న టిక్కుమన్న శబ్దం కూడా రాలేదు. ఆవిడ ఎడమచెయ్యి స్టీరింగు మీంచి లేచింది. గాల్లో రెండుసార్లు ఊగి, పచ్చడి గురించి చెప్పాల్సిందేదో చెప్పి, మళ్ళీ స్టీరింగు మీదకే వెళ్ళింది.

లారీ పక్కకి తప్పుకుంది. మూడో గేరు పడింది. పోట్లాట ఆగకుండానే వాళ్ళు లారీని దాటి ఎత్తు ఎక్కి వెళ్ళిపోయారు. నేను స్కూటరు పక్కకి తీసి ఆపాను. మాటలు వినబడటం మానేశాక కూడా ఆ గేరుబాక్సు కూత కాసేపు వినబడుతూనే ఉంది.